నూటికి ఎనభైరెండు

"చేను నడిమధ్యలో బండి ఆగిపోతే ఏం చేస్తావే, పాపా?" అని పొద్దున్నే, కూతురు ఇంకా బూట్ల లేసులైనా కట్టుకోకముందే ఆమె అననే అంది. అనకపోతే ఏం మునిగిపోయేది? నోరు ఊరుకోదు. రొట్టెముక్క పళ్ళ మధ్య కరిచిపట్టుకుని లేసులు బిగించుకుంటున్న కూతురు తలెత్తలేదు, రోజూ వినే మాటే కదా అని నవ్వనైనా నవ్వలేదు. లేచి, టోపీ పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇదిగో, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ మాటనే చిరునామాగా పట్టుకుని వచ్చినట్టు బండి నిజంగానే ఆగింది. అదీ సరిగ్గా చేను నడిమధ్యలో. ఇటు కోసిన మోళ్ళు, అటు కోయని గోధుమ, మధ్యలో ఇల్లంత హార్వెస్టరు, ఎర్రగా, ఉలుకూ పలుకూ లేకుండా. నా నోట్లో మన్ను పడ, అనుకుంది ఆమె, డీజిల్ తెచ్చే వ్యాను ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో గళ్ళ నోటుబుక్కు, దానిమీద రెండు చేతులు. మంచి మాట ఎన్నిసార్లన్నా గుమ్మం తొక్కదు, చెడ్డ మాట ఒక్కసారి అంటే చాలు, చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చేస్తుంది.

"ఒక్క గంట," అన్నాడు ఓనరు, చేతి గడియారం కూతురి మొహం ముందు పెట్టి మరీ. "నాలుగు రోజులుగా చూస్తున్నాను. అయితే ఇంజను పనైపోయిందనాలి, లేకపోతే నడిపేవాళ్ళకి చేతకావడం లేదనాలి. రెండింటికల్లా బండి పరుగెత్తకపోతే నువ్వు దిగు, ఆయన ఎక్కుతాడు." ఆయన అంటే ఓనరు వెంట తెచ్చుకున్న డ్రైవరు. వ్యాను వెనక దించిన తలుపు మీద కూర్చుని, చూపుడువేలికి తాళాలగుత్తి గిరగిరా తిప్పుతున్న మనిషి. పేరు ఎవరూ చెప్పలేదు గనక ఆమె మనసులో తాళాలాయన అయ్యాడు. గంట అంటే ఎంత, రొట్టెలపిండి నానేటంత, బట్టలు సగం ఆరేటంత. పడమట మబ్బు ఒకటి అంచులు నల్లబడుతూ కూర్చుని ఉంది, అది కూడా గడియారం చూసుకుంటున్నట్టే ఉంది. వాన పడితే గింజ తడిసి రంగు మారుతుంది, రంగు మారితే ఓనరు మొహం రంగు మారుతుంది, అప్పుడిక గంట కూడా ఇవ్వడు. మూడేళ్ళు పట్టింది పాపకి ఆ సీటు దక్కడానికి, దిగడానికి అయిదే మెట్లు. తాళాలు గలగలమన్నాయి. ఎక్కని బండికి అప్పుడే తాళాలు తిప్పుతున్నాడు చూడు, పెళ్ళికాకుండానే అల్లుడి అలక.

ఇక్కడినుంచి చూస్తే కూతురు లేదు, కూతురి బూట్లు మాత్రమే ఉన్నాయి. బండి వెనక భాగాన, పైన, ఇంజను తలుపు తెరిచి నడుందాకా లోపలికి దూరిపోయింది, బయట రెండు బూట్లు, మడమలు అరిగినవి, ఎడమది మరీ ఎక్కువ. ఆ అరుగుదల వాళ్ళ నాన్నది. ఆయనా అంతే, బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడికాలు గాల్లో ఆడిస్తూ, ఇంజను పొట్టలో తలపెట్టి మాట్లాడేవాడు. బయటికి మూలిగినట్టు వినిపించేది, ఏమంటున్నారు అని అడిగితే నీతో కాదులే అనేవాడు. ఆయన మెకానిక్ షెడ్డులో సిమెంటు గచ్చు మీద నూనె మరకల మధ్య పాకుతూ తిరిగిన పిల్ల అది, స్పానర్లు ఉయ్యాల్లో వేసి జోకొట్టిన పిల్ల, పద్నాలుగు నంబరు స్పానరుకి జ్వరమొచ్చిందని ఏడ్చిన పిల్ల. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏ ముక్క ఏమంటోందో వినడం ఆయన నేర్పాడు. అయ్యో, చెవిలో పొడుచుకుంటుందేమో, కర్ణభేరి పోతుందేమో, చెవిటిపిల్లని రేపు ఎవరు చూస్తారు అని ఆమె గుమ్మంలో నిలబడి గుండెలు బాదుకుంటూ ఉంటే, తండ్రీ కూతురూ ఇద్దరూ ఒకేసారి వేలు పెదవి మీద పెట్టి "ష్" అన్నారు. ఆ ఒక్క "ష్" కి ఆమెకి ఎంత కోపం వచ్చిందో, లోలోపల ఎక్కడో ఎంత పొంగిపోయిందో. కోపం పైకి చెప్పింది, పొంగు చెప్పలేదు.

పొంగు చెప్పకూడదు. దిష్టి. కళ్ళన్నిటిలోకీ తల్లి కన్నే పాడుదంటారు. మొదటి ఏడు దాని చేత గ్రీజు పెట్టించారు, అద్దాలు తుడిపించారు, స్టీరింగంటే గరిటె కాదమ్మా అని నవ్వారు. రెండో ఏడు, నలుగురు డ్రైవర్లు నిలబడి టీ తాగుతుండగా, అటుగా పోతున్న బండిని చూసి "ఆపండి, గొట్టం పగిలింది, ఈల వినిపిస్తోంది" అంది. ఏ ఈల, ఎవరేశారు, నిన్ను చూసేనా అని ఒకడు వెకిలిగా నవ్వాడు. ఆపి చూస్తే గాలిగొట్టానికి వెంట్రుకంత చీలిక. ఆ రోజు నుంచే డాక్టరమ్మ. వెక్కిరింతగా మొదలై, పది రోజుల్లో వెక్కిరింత ఊడిపోయి, డాక్టరమ్మా మా బండి కొంచెం చూడవూ అనే దాకా వచ్చింది. ఇంటి పక్కావిడ "మీ అమ్మాయి అంత పెద్ద బండి నడుపుతోందటగా" అంటే ఆమె ఏమంది? "ఏదో లెండి, ఎన్నాళ్ళో, ఎప్పుడు మీదకి తెచ్చుకుంటుందో" అంది. తలుపు వేసుకుని లోపలికి వచ్చాక వంటింట్లో ఒక్కతే, అవును, మా అమ్మాయే, పన్నెండడుగుల ఎత్తున కూర్చుంటుంది, అంది ఉప్పుడబ్బాతో. ఉప్పుడబ్బా దిష్టి పెట్టదు.

నోటుబుక్కు తెరిచింది. చేతులు ఊరికే ఉంటే భయం ఎక్కువవుతుంది. అయిదో తరగతి చదువు, అంకెలు మాత్రం గుండ్రంగా ముత్యాల్లా వేస్తుంది, మేష్టారు అందుకే ఒకసారి చప్పట్లు కొట్టించారు. కోతల మూడు నెలలూ కూతురి వెంట ఊరూరూ తిరిగేది వంట కోసమని ఓనరు అనుకుంటాడు. మగవాళ్ళ మధ్య ఒక్కతే ఉంటుందని భయంతో అని ఆమె అనుకుంటుంది. కానీ కూతురు మాత్రం, "అమ్మ నా గుమస్తా" అంటుంది. ప్రతి సాయంత్రం, ఆఖరి సాలు కోసి గట్టు దగ్గర ఆపబోయే ముందు, ఇంజను ఇంకా బరువు మీద ఉండగానే క్యాబిన్ తలుపు తెరిచి అరుస్తుంది. ఆర్‌పీఎం ఇంత, నీళ్ళ వేడి ఇంత, ఆయిలు ఇంత, లోడు ఇంత. కింద నిలబడి ఈమె రాస్తుంది. లోడు అంటే ఏమిటే అని మొదట్లో అడిగితే, పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టినట్టు చెప్పింది. "ఇంజను బలం నూరుపాళ్ళు అనుకో అమ్మా. కోతకి ఎనభైరెండు పోతోందనుకో. మిగతా పద్దెనిమిది మన చేతిలో ఉన్నట్టు. పైరు దట్టంగా తగిలినా, నేల మెత్తగా దిగబడినా, ఆ పద్దెనిమిదే కాపాడుతుంది. నూటికి నూరూ లాగిస్తే చిన్న బరువు కొత్తగా పడ్డా బండి కూలబడుతుంది, లోపల గింజ రాల్చే డ్రమ్ము నెమ్మదిస్తుంది, గింజ గడ్డితోబాటు వెనక నుంచి పోతుంది." అబ్బ, ఎంత ఇంటిమాట. డబ్బాలో ఎప్పుడూ ఇన్ని గింజలు మిగుల్చుకోవడం లాంటిదే కదా. "మరి నేనో?" అంటే, "నువ్వెప్పుడూ నూటికి నూరే, అందుకే ఊ అంటే పొగ" అంది. నవ్వుకున్నారు ఇద్దరూ, బస చేసిన రేకుల గది గొళ్ళెం సరిగ్గా పడక గాలికి టకటకమంటుంటే.

సోమవారం ఎనభైరెండు. మంగళవారం ఎనభైరెండు. వేలు కిందికి జరిపింది. బుధవారం ఎనభైఆరు. గురువారం తొంభైఒకటి. శుక్రవారం తొంభైఏడు. ఇవాళ రాయనేలేదు, రాయకముందే ఆగింది. చేను అదే, పైరు అదే, నడక అదే. నిన్న డీజిల్ ఫిల్టరు మార్చింది పాప, అడుగున చేరిన నీటిబొట్లు వంచేసింది, గాలి ఫిల్టరు తీసి కొత్తది పెట్టింది. ఉహూ. గాలి తక్కువైతే వెలగాల్సిన ఎర్రలైటు నిరుటినుంచీ చచ్చి ఉంది, మార్పించండని మూడుసార్లు అడిగితే, "లైటేమన్నా కోస్తుందా గోధుమ?" అన్నాడీయన. ఇప్పుడు గడియారం చూపిస్తున్నాడు. బండి ఆగబోయే ముందు పొగ చూసింది ఆమె, కాటుకలా, గొట్టం నోట్లోంచి ఉండలు ఉండలుగా. తెల్లపొగ, నీలిపొగ, నల్లపొగ. పాప నాన్న వేళ్ళు మడిచి చెప్పేవాడు, ఆమెకి కాదు, పిల్లకి, కానీ గిన్నెలు తోముతూ ఆమె కూడా విన్నదేగా. నీలిపొగొస్తే నూనె తాగుతోందని, తెల్లపొగొస్తే డీజిల్ కాలడం లేదని, నల్లపొగొస్తే పాపం దానికి ఊపిరాడడం లేదని.

ఊపిరాడడం లేదు. ఆ మాట ఆయన ఇంకోసారి కూడా అన్నాడు, మంచం మీద, రెండు దిళ్ళకి ఆనుకుని కూర్చుని. ముప్ఫైఏళ్ళ దుమ్ము. పొట్టు, ధూళి, కంప్రెసర్ గాలితో ఊదితే మొహాన కొట్టే నల్లటి పొడి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి అని ఎన్నివేలసార్లు చెప్పింది, మడతపెట్టి టిఫిను డబ్బా మీద పెట్టి పంపేది, సాయంత్రం అదే మడతలో తిరిగొచ్చేది. "గుడ్డ కట్టుకుంటే వాసన తెలీదే. వాసన తెలీకపోతే రోగం తెలీదు," అనేవాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి ఎదురుగా పట్టుకుని చూపిస్తే, కిటికీ అద్దం మీద మంచు పట్టినట్టుంది లోపల. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి ఆమె దేన్నీ విప్పి ఉంచలేదు. నీళ్ళకుండ మీద గుడ్డ, రేడియో మీద గుడ్డ, కుట్టుమిషను మీద గుడ్డ, కూతురి మెడలో బలవంతాన ఒక గుడ్డ. దుమ్ము రేగితే చాలు ఆమె చేతులు గుడ్డ వెతుకుతాయి. మొన్న కూడా అంతే, ఆ గట్టు పక్కన ఎంత దుమ్ము, బండి ముక్కు మీదంతా పొడి పేరుకుని, ఆ పుట్టగొడుగులాంటి మూత కిందనుంచేనే అది ఊపిరి పీల్చేది అని పాప చూపించింది కదా, అయ్యో ఇదంతా దాని రొమ్ములోకి పోతోందేమో అని

మొన్న. మొన్న కూడా కాదు, అటుమొన్న, బుధవారం.

వేలు బుధవారం మీదే ఆగిపోయింది. బుధవారం బట్టలుతికే రోజు. నీలిపూల దిండుగలీబు చిరిగింది, చిరగని భాగం కత్తిరించి, అంచు మడిచి, ఎర్రదారంతో కుట్టి, రబ్బరునాడా దూర్చి, ఊరగాయ జాడీకి కట్టే టోపీలాంటిది ఒకటి చేసింది. పాప డీజిల్ కోసం వెళ్ళినప్పుడు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నిచ్చెన అంటేనే కళ్ళు తిరిగే మనిషి, గుండె చేత్తో పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దేవుడికో దణ్ణం చొప్పున ఎక్కి, మూత మీది మర తిప్పి, లోపలి జల్లెడకి ఆ టోపీ తొడిగి, మళ్ళీ మూత బిగించి దిగింది. గాలికి ఎగిరిపోకూడదని మూత కింద పెట్టింది. ఎంత గర్వపడింది దిగాక. ఆయనకి కట్టలేకపోయాను, దీనికైనా కట్టాను అనుకుంది. కొత్త గుడ్డ కాబట్టి బుధవారం ఎనభైఆరు. దుమ్ము పట్టేకొద్దీ తొంభైఒకటి. ఇంకా పట్టేకొద్దీ తొంభైఏడు. ముత్యాల్లాంటి అంకెలు, తన చేత్తో తనే రాసింది. పాప కొత్త ఫిల్టరు పెట్టింది, పెట్టినా ఏం లాభం, ముక్కు మూసి మందు పోసినట్టు. నాలుగు రోజులుగా కన్నకూతురి సీటుకింద తల్లే గొయ్యి తవ్వుతోంది, మడతపెట్టి, కుట్టి, రబ్బరునాడా వేసి.

ఫోను తీసి కూతురి నంబరు నొక్కింది. వ్యాను అద్దం కిందే మోగింది పాప ఫోను, దాని కళ్ళజోడు పక్కన. నొక్కి ఆపేసింది. చెప్పాలి. చెప్తే? బండి దగ్గరికి పనివాళ్ళు తప్ప ఎవరూ రాకూడదని ఓనరు మొదటిరోజే చెప్పాడు, వంటకని ఒప్పుకున్నాను, వంట దాటి ఒక్క అడుగు వేసినా బస్సెక్కిస్తాను అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ, నవ్వుతూ అన్న మాటలే నిజంగా చేస్తారు. బస్సెక్కిస్తే పాప ఒక్కతే ఆ రేకుల గదిలో, సరిగ్గా పడని గొళ్ళెంతో. జ్వరమొస్తే మంచినీళ్ళెవరిస్తారు, సాయంత్రం అంకెలు అరిస్తే కింద ఎవరుంటారు, ఆ తిరిగే బెల్టుల్లో చెయ్యి పడితే కేక ఎవరికి వినిపిస్తుంది. చెప్పకపోతే? తాళాలగుత్తి గలగల. రెండుకి పావుగంట తక్కువ. ఆమె కాళ్ళు ఆమెని అడగకుండానే వ్యాను దిగాయి. నోటుబుక్కు రొమ్ముకి ఆనించుకుని మోళ్ళలో నడిచింది. గోధుమమోళ్ళు చెప్పుల పక్కనుంచి గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోనీ. ఏమని మొదలుపెట్టాలి, ఒక్కమాటే పాపా, కోపం తెచ్చుకోకు, నేను మంచికేనే, లేదు, మంచికే అన్న మాట అసలు ఎత్తకూడదు, ఆ మాటతోనే లోకంలో సగం కొంపలు కూలాయి.

సగం దూరంలో ఉండగా పైన బూట్లు కదిలాయి. కూతురు ఇంజను పొట్టలోంచి బయటికి వచ్చి నిలబడింది. టోపీ తీసి, గొట్టం దారిలో చూపు పైకి నడిపించింది, కింద నుంచి పైకి, మెల్లగా, వాళ్ళ నాన్న చూసినట్టే, రోగం వచ్చిన దారినే వెనక్కి నడవాలి అన్నట్టు. చెయ్యి పుట్టగొడుగు మూత మీద వేసింది. మర తిప్పింది. మూత ఎత్తింది. జల్లెడ మీద ఉన్నదాన్ని ఊడలాగింది. చేతిలో నల్లటి పీలిక, ఒకప్పుడు నీలిపూలు. దాన్ని తిరగేసి అంచు చూసింది. ఆ కుట్టు ఎవరిదో ఆ పిల్లకి ఎవరు చెప్పాలి, పుట్టిన దగ్గర్నుంచి ఆ కుట్టే తొడుక్కుంది. తలెత్తి మోళ్ళలోకి చూసింది. తల్లి కనిపించింది. ఇద్దరి మధ్యా యాభై అడుగులు. కూతురు ఆ గుడ్డని ఉండచుట్టి ప్యాంటు జేబులో కుక్కుకుంది, మూత బిగించింది, క్యాబిన్లోకి వెళ్ళి కూర్చుంది. చేను నడిమధ్యలో ఆగిపోతే ఏం చేస్తావే అంటే, ఇదీ చేసేది.

ఇంజను దగ్గి, ఒక్క నల్ల ఉండ ఉమ్మి, పట్టుకుంది. ఆ పట్టుకోవడం ఆమెకి తెలుసు. ముప్ఫైఏళ్ళు ఆ చప్పుడు పక్కనే అన్నం వండింది. గొంతులో గరగర పోయి, రొమ్ము నిండా గాలి తీసుకున్న చప్పుడు, అరికాళ్ళ కింద నేలలో కూడా తెలిసేంత గట్టిది. గొట్టం నోట్లో పొగ పలచబడి, పలచబడి, వేడిగాలి వణుకు మాత్రం మిగిలింది. బండి ముందున్న రీలు తిరిగింది, పైరు వంగింది, బండి మీదికి పోయింది, ఆగకుండా, మెత్తగా, చివరిదాకా, అక్కడ తిరిగి మళ్ళీ ఇటు. మబ్బు ఇంకా పడమటే ఉంది, దాని పని అది చూసుకుంటోంది. పన్నెండడుగుల ఎత్తున అద్దం వెనక పాప మొహం, వాళ్ళ నాన్న ముక్కు, తన గడ్డం. నాన్నలా వింటోంది, ఇంకా ఎవరిలానో కూర్చుంది, ఎవరిలానూ కాదు, తనలానే. అయ్యో ఎంత బాగుంది నా తల్లి అని పెదవుల దాకా వచ్చింది. అలవాటుగా మింగబోయింది.

బండి వాళ్ళ దగ్గరికి వస్తూ నెమ్మదించింది. పూర్తిగా ఆగకముందే కూతురు తలుపు తెరిచింది. "అమ్మా, రాసుకో. ఎనభైరెండు." ఎప్పటి గొంతే. ఈమె రాసింది. ఎనిమిది ముత్యంలానే వచ్చింది, రెండు కాస్త వంకర పోయింది. ఇంజను ఆపి, కూతురు అయిదు మెట్లూ దిగి వచ్చింది. ఓనరు గడియారం చూసుకున్నాడు, రెండుకి అయిదు నిమిషాలు తక్కువ, చూసుకుని చెయ్యి దించేశాడు. సంతోషించాల్సిన మనిషే, కానీ నాలుగు రోజులుగా కోత సగమే సాగిందన్న కోపం ఇంకా ఉంది.

"ఏమైంది దీనికి?"

"గాలి అందలేదు."

"ఎందుకందలేదు?"

కూతురు చేతులు తుడుచుకుంటోంది. తాళాలాయన తిప్పడం ఆపాడు. "మూత కింద చెత్త పేరుకుని ఉంటుందండీ. రోజూ చూసుకుంటే ఎందుకు పేరుకుంటుంది? మేమైతే పొద్దున లేచి మొహం కడగకముందు అదే చూస్తాం."

"మొహం కడగడం కూడా అలవాటు చేసుకో అన్నా," అంది కూతురు. నవ్వలేదు.

"వేళాకోళం తర్వాత," అన్నాడు ఓనరు. "చెత్తేనా? నువ్వు చూసుకోకపోవడమేనా? నాలుగు రోజులు బండి మూలిగితే నీ అజాగ్రత్తేనా కారణం? చెప్పు. అవునంటే ఈ సీజనుకి సీటు ఆయనది. కాదంటే ఎవరిదో చెప్పు."

కూతురు తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. జేబు అంచున రబ్బరునాడా వంకీ ఒకటి బయటికి తొంగిచూస్తోంది, దాని పక్కన దుమ్ము అంటని ఒక్క నీలిరేకు. ఆ పిల్ల బొటనవేలితో దాన్ని లోపలికి నెట్టింది. చిన్నప్పుడు పగలగొట్టిన కప్పు ముక్కలు వీపు వెనక దాచుకున్న చెయ్యే అది, అప్పుడు తనకోసం దాచుకుంది, ఇప్పుడు. ఓనరు చూస్తున్నాడు. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది, వేడి రేకు మీద, తీరిక లేని గడియారంలా. రేకుల గది గొళ్ళెం. బస్సు కిటికీ. కింద ఎవరూ లేకుండా పైనుంచి అరిచే అంకెలు. అన్నీ ఒకేసారి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి, ఎప్పుడూ వచ్చే భయాలే, మొహాలన్నీ తెలిసినవే. వాటి వెనక, ఇంతకాలం ఉప్పుడబ్బాకి తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటి, తోసుకుంటూ. మబ్బు నీడ చేను అంచు ఎక్కింది. కూతురు తల ఎత్తి తల్లివైపు చూడకుండా, వద్దు అన్నట్టు తల కొంచెం అడ్డంగా ఆడించింది.

"చెత్త కాదండీ," అంది ఆమె. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. "గుడ్డ. బుధవారం పొద్దున నిచ్చెనెక్కి నేను కట్టాను. కనిపెట్టింది మా అమ్మాయి."